బుచ్చిరెడ్డి ఎక్కనన్న జీపు

రేగొండలో తల నెరిసిన వాళ్లను ఎవరినైనా కదిలించి చూడండి, ఉపేందర్ రెడ్డి జీపు ముచ్చట చెప్పకుండా మిమ్మల్ని వదలరు. ఒకాయన దాని మీద పెండ్లికి పోయానంటాడు. ఇంకొకాయన దాన్ని నెట్టానంటాడు. నిజం మాట్లాడుకుంటే ఎక్కినవాళ్ల కంటే నెట్టినవాళ్లే ఎక్కువ తేలతారు. అయినా ఒక్కరు కూడా దాన్ని తిట్టరు. ఇప్పుడు ఇంటికో కారు ఉంది, మీట నొక్కితే చల్లగాలి వస్తుంది, కానీ దాని గురించి చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా ఒక్క ముచ్చట లేదు. పాపం, ముచ్చట పుట్టేదాకా ఆ కార్లను ఎవరు ఉంచుకుంటారు, రంగు పాతబడగానే అమ్మేస్తారు.

ఉపేందర్ కొన్ననాటికే ఆ జీపు ముసలిది. సికింద్రాబాదులో మిలిటరీ వాళ్లు పాత సామాను వేలం వేస్తుంటే తెచ్చాడు. తలుపులు లేవు, పైన గుడ్డ కప్పు, ముందు ఇనుప జాలీ, పొద్దున స్టార్టు కావాలంటే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఆ హ్యాండిల్ ఒక్కోసారి ఎదురు తిరిగి మనిషి మణికట్టు విరగ్గొట్టేది. దాని పచ్చరంగు మీద ఇంకో పచ్చరంగు వేయించి, దసరా నాడు నాలుగు చక్రాలకు పసుపు కుంకుమ పెట్టించి, ఇంటి ముందు నిలబెట్టాడు ఉపేందర్. ఆ రోజు ఊరు ఊరంతా వచ్చి చూసింది, ఇంట్లో ఉండి బయటికి రానిది ఒక్క బుచ్చిరెడ్డే.

బుచ్చిరెడ్డి ఉపేందర్ తండ్రి. ఆ చుట్టుపక్కల నాలుగూళ్లలో మాట చెల్లిన పటేల్. ఆయనకు కొడుకు మీద కోపం జీపుతో మొదలైంది కాదు. అరవై తొమ్మిదిలో ఉపేందర్ వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాడు. తెలంగాణ కావాలని రోడ్డెక్కిన పిల్లలతో తానూ రోడ్డెక్కాడు, పోలీసు లారీలో పడి జైలుకూ పోయాడు. ఆ ఏడు చదువు పోయింది, ఆ తర్వాత చదువు మీద మనసూ పోయింది. కొడుకును వకీలును చేయాలని బుచ్చిరెడ్డి నల్లకోటు ఎప్పుడో మనసులో కుట్టించి పెట్టుకున్నాడు. జైలు నుంచి ఇంటికొచ్చిన కొడుకును చూసి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఆనాటి నుంచి కొడుకుతో నేరుగా మాట్లాడటమే మానేశాడు.

అంటే అసలు మాట్లాడడని కాదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే వ్యవసాయం చేస్తూ మాట్లాడకపోతే ఎట్లా గడుస్తుంది? కాకపోతే మధ్యలో ఇంకో మనిషి ఉండాలి. భార్య బతికున్నన్నాళ్లు "నీ కొడుక్కు చెప్పు" అనేవాడు. ఆమె పోయాక కోడలు శశికళకు ఆ పని పడింది. కోడలు లేకపోతే పాలేరు మొండయ్య. మొండయ్య కూడా లేకపోతే అరుగు మీది కొయ్య స్తంభం వైపు తిరిగి, "మోటరు బందు చెయ్యమని చెప్పు" అనేవాడు. పక్కనే నిలబడ్డ ఉపేందర్ కూడా అదే స్తంభానికి "చేసిన అని చెప్పు" అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలు ఇది చూసి మొదట్లో నవ్వేవాళ్లు, తర్వాత అలవాటు పడిపోయారు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

ఆ రోజుల్లో ఉపేందర్ తరఫున నోరు తెరిచింది ఒక్క వెంకటనర్సమ్మే. ఆమె బుచ్చిరెడ్డికి అక్క. తల్లి లేని తమ్ముణ్ని సంకలో వేసుకుని పెంచిన మనిషి. భూపాలపల్లి దాటి అడవిలో మద్దిగూడెమనే ఊరికి ఆమెను ఇచ్చారు. మేనల్లుడు జైలు నుంచి వచ్చాడని తెలిసి ఎడ్లబండి కట్టించుకుని వచ్చింది. వాకిట్లో దిగుతూనే, "దొంగతనం చేసి పోయిండారా, ఎవల్నన్న కొట్టి పోయిండా? నీ నోరు పడిపోయిందా, పిలగాన్ని పలకరియ్యరాదు?" అని తమ్ముణ్ని నలుగురి ముందూ దులిపేసింది. బుచ్చిరెడ్డి తల వంచుకున్నాడు గానీ పలకరించలేదు. ఆ మొండితనం ఆమె చేతి పెంపకమే, కాబట్టి ఆమె కూడా అంతకంటే ఏం చేయలేకపోయింది.

ఇక జీపు సంగతి. దాన్ని కొనడానికి ఉపేందర్ ఒక ఎడ్ల జతను అమ్మాడు. అది తెలిసి బుచ్చిరెడ్డి స్తంభంతో చాలాసేపు మాట్లాడాడు. "ఎడ్లు గడ్డి తింటయి, పెంట ఇస్తయి, పొలం దున్నుతయి. గిదేం ఇస్తది? పొగ. నేను బతికుండంగ దాని మీద కాలు పెడితే అడుగు" అన్నాడు. అన్నాడంటే అన్నట్టే. పరకాలకు పోవాలన్నా, హన్మకొండ కోర్టుకు పోవాలన్నా బస్సు కోసం ఎండలో నిలబడేవాడు. వెనుక నుంచి కొడుకు జీపు వచ్చి ఆయన పక్కన ఆగకుండా, ఆగినట్టు మెల్లగా అయి, ఆయన ముఖం అటు తిప్పుకోగానే ముందుకు పోయేది.

ఊరికి మాత్రం అది దేవుడిచ్చిన బండి అయింది. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను పరకాల దవాఖానకు చేర్చింది అదే. ఎలక్షన్లప్పుడు డబ్బాలు మోసింది అదే. పెండ్లికొడుకును ముందు కూర్చోబెట్టి, వెనుక పదిమందిని కుక్కి, బానెట్ మీద ఇద్దరిని ఎక్కించుకుని పోతుంటే ఎదురొచ్చిన పశువులు దారి తప్పుకునేవి. శశికళ దాన్ని సవతి అనేది. "సవతి కడుపు నింపినవా, ఇగ నువ్వు తిను" అని అన్నం పెట్టేది. అన్నం ముందు కూర్చున్నా అతని చేతులకు గ్రీసు వాసన పోయేది కాదు. ఆమె ముక్కు మూసుకున్నట్టు నటిస్తూనే పక్కన కూర్చునేది.

అట్లా పదేండ్లు గడిచాయనుకోండి. ఎనభై ఒకటి ఎండాకాలంలో బుచ్చిరెడ్డి పొలం గట్టు మీద పడిపోయాడు. పక్షవాతం. సోయి లేదు. నలుగురు ఎత్తి జీపులో వేస్తే ఉపేందర్ వరంగల్ దవాఖానకు ఎట్లా తోలాడో అతనికే తెలియదు. ప్రాణం దక్కింది, మాట కూడా బాగానే తిరిగొచ్చింది, ఎడమ కాలు మాత్రం ఒంటికి వేలాడుతున్న బరువైపోయింది. ఇంటికొచ్చాక శశికళ సరదాకు, "మామా, ఆఖరుకు జీపు ఎక్కితివి" అంది. పెద్దాయన ముఖం ఎర్రబడింది. "సోయి లేనప్పుడు ఎక్కిచ్చిండ్రు. అది లెక్కకు రాదు" అన్నాడు.

ఆ ఆషాఢంలోనే మద్దిగూడెం నుంచి కబురొచ్చింది. వెంకటనర్సమ్మ మంచం పట్టిందట. గంజి తప్ప ఏమీ మింగడం లేదట. తమ్ముడు పడిపోయిన సంగతి ఆమెకు చెప్పలేదు, "బుచ్చిగాడు ఎందుకొస్తలేడు, నా మీద అలిగిండా" అని వచ్చినవాళ్లనల్లా అడుగుతోందట.

బుచ్చిరెడ్డి ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం స్తంభం వైపు కూడా తిరగకుండా, కోడలితో మెల్లగా అన్నాడు. "శశీ, అక్క నన్ను తప్పు పట్టుకోని పోతది. ఒక్కసారి చూడాలె. గా జీపు పోతదేమో అడుగు."

తలుపు చాటున ఉన్న ఉపేందర్ విన్నాడు. తండ్రి నోట జీపు మాట తిట్టు లేకుండా రావడం అదే మొదటిసారి.

పోతే ఎట్లా పోవాలి? వానలు మొదలయ్యాయి. భూపాలపల్లి దాకా రోడ్డు ఉంది. ఆ తర్వాత అడవిలో బండ్లబాట, నల్లరేగడి, మధ్యలో ఒక వాగు. ఎడ్లబండి మీద పోవాలంటే పూట మీద పూట పడుతుంది, పెద్దాయన ఒళ్లు ఆ కుదుపుకు ఆగదని డాక్టరు చెప్పాడు. పైగా వాగు పారుతుంటే ఎడ్లు దిగవు. ఉపేందర్ ఒక్కడే ముందుగా జీపు తీసుకుని చూసి వద్దామని బయలుదేరాడు. వాగు దాకా పోనే లేదు. రేగడిలో అరిగిన టైర్లు జారి జారి చివరికి కూరుకుపోయాయి, జీపు పొట్ట బురద మీద ఆని కూర్చుంది. చక్రాలు గాలిలో తిరిగినట్టు తిరుగుతాయే తప్ప బండి కదలదు. దగ్గరి తండా వాళ్లు ఎడ్లు కట్టి గుంజితే బయటపడ్డాడు. ఎడ్లను అమ్మి కొన్న బండిని ఎడ్లే లాగాయని బుచ్చిరెడ్డికి తెలిస్తే ఆయన ఆయుష్షు ఇంకో పదేండ్లు పెరిగేది, కానీ ఎవరూ చెప్పలేదు. ఉపేందర్ మాత్రం వాగు దాకా నడిచి, కర్ర ముంచి నీళ్ల లోతు చూసుకుని, దాన్ని తన తొడ మీద గుర్తు పెట్టుకుని వచ్చాడు.

టైర్లు మార్చాలి. బండి ఎత్తు పెంచాలి. మేనత్త కండ్లు మూయకముందే పెంచాలి. ఇక అతనికి వేరే ధ్యాస లేదు.

జనగామలో దత్తాత్రేయ ఉన్నాడు. కోమటి పిల్లవాడు, అరవై తొమ్మిదిలో ఉపేందర్‌తో పాటు జైలు గచ్చు మీద పడుకున్నవాడు. ఇద్దరూ ఒకే దుప్పటి కింద వణుకుతూ, రేపు తెలంగాణ వస్తే ఏం చేయాలో గొప్పగా మాట్లాడుకునేవాళ్లు. ఆ రేపు రాలేదు, దత్తాత్రేయ పోయి తండ్రి దుకాణంలో కూర్చున్నాడు. మోటరు పంపుల సామాను, టైర్లు అమ్ముతాడు. పొట్ట పెరిగింది గానీ నోరు తగ్గలేదు. ఉపేందర్‌ను చూడగానే గద్దె మీది నుంచి లేచి వచ్చి కౌగిలించుకున్నాడు.

"ముందు గిది చెప్పన్నా. నీ జీపు తారు మీద ఎంత తిరుగుతది, బురదల ఎంత తిరుగుతది?" అని అడిగాడు చాయ్ తెప్పిస్తూ.

"తారు సంగతి ఇడిసిపెట్టు. ఒక్క బాట ఉంది, గది దాటాలె."

దత్తాత్రేయ ఒక కొత్త టైరు దొర్లించుకొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది. దాని మీది సన్నటి దిమ్మెల మీద వేలు పెట్టి చూపించాడు. "చూడ మంచిగుంటది. సన్న బటన్. తారు మీద సప్పుడు లేకుంట పోతది. రేగడిల దిగితే బటన్ల సందులల్ల మట్టి నిండి లడ్డూ అయితది. నీకు పనికి రాదు." అరిగిన టైరుకు పై తొడుగు కొత్తగా అతికించే రీబటన్ టైరు ఇంకోటి చూపించాడు. "గిది అగ్గువ. కానీ బండల మీద గుంజితే తోలు ఊడొస్తది. మా బామ్మర్దికి కూడ నేనిది అమ్మలే."

ఆఖరికి దుకాణం వెనుక రేకుల కొట్టంలోకి తీసుకుపోయాడు. గోనె సంచులు తీసేస్తే నాలుగు పాత మిలిటరీ టైర్లు. బెత్తెడు ఎత్తు ఎక్కువ, వెడల్పు ఎక్కువ, బటన్ల మధ్య బొటనవేలు పూర్తిగా మునుగుతోంది. ఉపేందర్ వంగి వాటిని నిమిరాడు. పశువుల సంతలో మంచి కోడెను చూసినప్పుడు తన తండ్రి ముఖంలోకి వచ్చే వెలుగే తన ముఖంలోకి వచ్చిందని అతనికి తెలియదు.

"బురదను పట్టుకుంటది, పట్టుకున్నది బయటికి ఉమ్ముతది" అన్నాడు దత్తాత్రేయ. "ఐబులు కూడ చెప్త. తారు మీద మోత మోగిస్తది. పెట్రోలు తాగుతది. స్టీరింగ్ తిప్పుడు నీ భుజాల పని. ఇగ ముఖ్యమైంది, రిమ్ముకు పడతది గానీ నీ జీపు కింద జాగ సాలది. తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటది. కమాన్లు ఎత్తాలె. మానుకోటల యాకూబ్ మియా అని ఉంటడు, నా పేరు చెప్పు."

పైసల మాట ఎత్తితే దత్తాత్రేయ చేయి అడ్డం పెట్టాడు. "మీ మేనత్త ఆ రోజుల మన ఇద్దరికి సకినాలు పంపింది జైలుకు. యాదికుందా? పో."

టైర్లు వెనుక వేసుకుని, జఫర్‌గఢ్ గుట్ట మీద మబ్బు కూర్చుని ఉండగా వానలో తడుస్తూ మానుకోట చేరాడు. యాకూబ్ మియా కొలిమి దగ్గర ఉన్నాడు. కమాను అంటే చక్రం మీద బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్ట. కట్టకు పట్టీలు కలిపితే బండి లేస్తుంది. యాకూబ్ జీపు కిందికి దూరి, బయటికొచ్చి, గడ్డం గీరుకుని, "రెండు వేళ్ల ఎత్తు లేపుదాం పటేల్. టైర్లు తిరుగుతయి, సాలు" అన్నాడు.

"నీళ్లు గింతదాక ఉన్నయి" అని ఉపేందర్ తొడ మీద గుర్తు చూపించాడు. "ఫ్యాన్ మునుగుతది. జానెడు లేపు."

"జానెడా? బండి ఎత్తు పెరిగిన కొద్ది బోల్తా కొట్టే గుణం వస్తది. షాఫ్టు గుంజుకుంటది. బ్రేకు పైపు పొడుగు సాలది."

"పైపు కొత్తది ఎయ్యి. షాఫ్టుకు ఏం చేస్తవో చెయ్యి. నేను మెల్లగ తోల్త."

యాకూబ్ లారీ పట్టీలు తెచ్చి కోశాడు, కాల్చి వంచాడు, పాత పట్టీల కింద చేర్చి బోల్టులు బిగించాడు. ఉపేందర్ పక్కనే కూర్చుని అన్నీ తానే కొలుచుకున్నాడు. వాగు లోతు కొలిచాడు. ఫ్యాన్ ఎత్తు కొలిచాడు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య సందు కొలిచాడు. పని అయ్యాక జీపును చూస్తే అతనికి తన వయసు సగమైపోయినట్టనిపించింది. ఎత్తుగా, మొరటుగా, గిట్టలు దిగేసిన దున్నపోతులా నిలబడి ఉంది. యాకూబ్, అతని దగ్గర పనిచేసే వాళ్లు, చాయ్ తాగడానికి వచ్చిన లారీ డ్రైవర్లు చుట్టూ చేరి తలలూపారు. అంతమంది మగవాళ్లు కలిసి ఒక బండిని మెచ్చుకుంటుంటే అక్కడ బుద్ధి అన్నది నిలవదు.

రేగొండలో దాన్ని చూసి శశికళ ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మామ ఎట్ల ఎక్కుతడు?" అంది.

ఉపేందర్ జీపు వైపు చూశాడు. సీటు అతని ఛాతీ దగ్గర ఉంది. మామూలు జీపు అయితే పెద్దాయన వెనక్కి తిరిగి సీటు మీద కూలబడితే చాలు, కాళ్లు పట్టి లోపలికి తిప్పవచ్చు. ఇప్పుడు ఒక కాలు ఎత్తి పైకి పెట్టి, దాని మీద ఒళ్లంతా లేపుకోవాలి. ఆ లేపే కాలే ఆయనకు లేదు. అన్నీ కొలిచాడు, తండ్రి కాలు ఒక్కటి కొలవలేదు. ఉపేందర్ బానెట్ మీద చేయి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు.

బుచ్చిరెడ్డి తెల్లవారి స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టి, చేతికర్రతో వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. అక్కకు ఇష్టమని బెల్లం గారెలు చేయించి గుడ్డలో కట్టించాడు. జీపును అరుగు పక్కకు తెస్తే అరుగు మీది నుంచి సులువుగా ఎక్కేవాడు, కానీ కొత్త టైర్ల వెడల్పుకు, పెరిగిన ఎత్తుకు అది ప్రహరీ దర్వాజలోంచి లోపలికి పట్టలేదు. ముందు ఎన్నోసార్లు లోపలికి వచ్చిన బండే. బయట పీట వేశారు, పీట మీద పీట వేశారు. పెద్దాయన ఒంటి కాలి మీద ఊగిపోయాడు. చూస్తున్న నలుగురు మగవాళ్లు, "ఎత్తుతం పటేలా" అని ముందుకొచ్చారు.

ఆయన కర్ర పైకెత్తాడు. "ఎవ్వరు దగ్గరికి రావద్దు. సోయి లేనప్పుడు ఎత్తిండ్రు, అనలేదు. సోయి ఉన్న మనిషిని నలుగురు ఎత్తరు. ఎత్తితే మళ్ల దించేది ఒక్క కాడనే."

అందరూ వెనక్కి తగ్గారు. ఆ మాట మీద ఎవరు ముందుకొస్తారు? పాడె మోసే నలుగురు అందరి కండ్ల ముందూ కదిలారు. ఉపేందర్ పానా తీసుకుని జీపు కిందికి దూరాడు. పట్టీలు తీసేస్తే తండ్రి ఎక్కుతాడు, కానీ వాగు దాటలేరు. పట్టీలు ఉంటే వాగు దాటుతారు, తండ్రి ఎక్కలేడు. బోల్టుకు పానా తగిలించి తిప్పకుండా అట్లాగే ఉండిపోయాడు. కండ్లలో నీళ్లు తిరిగాయి, కింద ఉన్నాడు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

అప్పుడు పైనుంచి తండ్రి గొంతు వినిపించింది, దర్వాజ కట్టెతో మాట్లాడుతున్నాడు. "బండరాళ్లు ఎక్కిచ్చేటప్పుడు బండి గీరెలు గుంతల దించేటోల్లం. బండి లేవంగనే సాలదు, భూమి దించుడు తెల్వాలె. చెప్పు."

ఉపేందర్ పాకుతూ బయటికొచ్చి ఎవరినీ పిలవకుండా తానే గడ్డపార అందుకున్నాడు. వాన నేల మెత్తగా ఉంది. నాలుగు చక్రాలకు నాలుగు గుంతలు, ముందు వైపు వాలుగా తవ్వి, జీపును మెల్లగా వాటిలోకి దింపాడు. అంత ఎత్తు బండీ కోడిపెట్ట పొదిగినట్టు నేలకు కూర్చుంది. బుచ్చిరెడ్డి కర్ర కోడలికిచ్చి, వెనక్కి తిరిగి సీటు మీద కూలబడ్డాడు. శశికళ కాళ్లు పట్టి లోపలికి తిప్పింది. ఇంజను మోగింది, నాలుగు చక్రాల గేరు పడింది, బటన్లు మట్టిని పట్టుకుని జీపును గుంతల్లోంచి బయటికి ఎక్కించాయి. ఎగిరిన బురద సాగనంపడానికి వచ్చినవాళ్ల ధోవతుల మీద పడింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, పైగా ఊరు దాటేదాకా వెంట నడిచారు.

వెనుక మొండయ్య కూర్చున్నాడు. తండ్రీ కొడుకుల మధ్య జానెడు దూరం. అయినా భూపాలపల్లి దాకా మాటలన్నీ మొండయ్య మీది నుంచే పోయాయి. "మొండిగ, మీ చిన్న పటేల్‌కు చెప్పు, కుడిదిక్కు బండ ఉంటదని." "చిన్న పటేలా, కుడిదిక్కు బండ ఉందట." "చూసిన అని చెప్పు." మెడ అటూ ఇటూ తిప్పలేక మొండయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది. అడవిలోకి దిగాక టేకు చెట్ల మీది నుంచి నీళ్లు కారుతున్నాయి, ఎక్కడ చూసినా పచ్చివాసన. ఉపేందర్‌కు భయంగానూ ఉంది, చెప్పరాని సంతోషంగానూ ఉంది. పన్నెండేండ్లకు తండ్రి పక్కన కూర్చున్నాడు. ఆయన భుజం కుదుపుకు తన భుజానికి తగులుతోంది, ఆయన దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు.

మొన్న కూరుకుపోయిన చోట జీపు ఒకసారి పక్కకు జారి, పంటితో కరిచినట్టు నేలను కరిచి బయటపడింది. వాగు దగ్గర ఆపి, ఫ్యాన్ నీళ్లు చిమ్మకుండా బెల్టు వదులు చేసి, తీగల మీద గ్రీసు గుడ్డ చుట్టాడు. నీళ్లలోకి దిగాక ఎర్రటి నీరు అంచుకు వచ్చి తాకింది. నడుమ ఒకచోట బండి ఒక పక్కకు ఒరిగింది, ఉపేందర్ స్టీరింగును ఎదురు తిప్పి పట్టుకున్నాడు. బుచ్చిరెడ్డి ముందున్న ఇనుప కడ్డీని పట్టుకుని ఎదుటి ఒడ్డునే చూశాడు. ఒడ్డెక్కాక దీర్ఘంగా ఊపిరి వదిలి, "మొండిగ, టైర్లు మంచియి తెచ్చిండని చెప్పు" అన్నాడు. మొండయ్య చెప్పాల్సిన పని లేకపోయింది, ఉపేందర్ ముఖమే చెప్పింది.

మద్దిగూడెంలో వెంకటనర్సమ్మ ఇల్లు ఊరి చివర. జీపు చప్పుడు విని ఆమె కోడలు పరుగెత్తుకొచ్చింది. "మంచిగొచ్చిండ్రు మామా. రాత్రి నుంచి కండ్లు తెరుస్తలేదు. పిలిస్తే పలుకుతది, మళ్ల జారిపోతది" అని ఏడ్చింది.

మొండయ్య గడ్డపార తీసుకుని దిగి వాకిట్లో ఒక పోటు పొడిచాడు. నిప్పురవ్వ లేచింది. ఇంకోచోట పొడిచాడు, అక్కడా అంతే. ఆ ఇల్లు పరుపుబండ మీద కట్టిన ఇల్లు. వాకిలంతా ఒకే రాయి. మెత్తని నేల కావాలంటే వాడకట్టు దాటి పోవాలి, అక్కడ దిగినా ఒంటి కాలితో తడిసిన బండ మీద ఇంటిదాకా నడవాలి. చుట్టుపక్కల మగవాళ్లు అప్పటికే చేరారు, చేతులు చాచలేక, ఊరికే నిలబడలేక ఒకరినొకరు చూసుకుంటున్నారు.

బుచ్చిరెడ్డి బండ వైపు చూశాడు. ఇంటి తలుపు వైపు చూశాడు. మొండయ్య వైపు చూడలేదు.

"ఉపేంద్రా" అన్నాడు.

ఉపేందర్‌కు ఒక్క క్షణం ఎవరు పిలిచారో అర్థం కాలేదు. అరవై తొమ్మిది నుంచి ఆ నోట ఆ పేరు వినలేదు. "బాపూ" అన్నాడు.

"నువ్వొక్కనివే ఎత్తుకో. నలుగురు వద్దు. నువ్వు ఎత్తుకో."

ఉపేందర్ ఇటువైపు తిరిగొచ్చి, ఒక చేయి తండ్రి వీపు వెనుక, ఒక చేయి మోకాళ్ల కింద పెట్టి ఎత్తాడు. తన చిన్నప్పుడు ఊరంతటికీ బరువుగా కనిపించిన మనిషి. ఇంత తేలికైపోయాడా అని ఉపేందర్‌కు ఏడుపొచ్చింది. బుచ్చిరెడ్డి రెండు చేతులూ కొడుకు మెడ చుట్టూ వేశాడు. గారెల మూట ఆయన ఒళ్లోనే ఉంది.

లోపల చీకటిగా ఉంది. కుక్కి మంచంలో వెంకటనర్సమ్మ గుప్పెడంతైపోయి పడుకుంది. కోడలు ఆమె చెవి దగ్గర వంగి, "అత్తా, రేగొండ మామొచ్చిండు" అంది. ముసలామె కండ్లు మెల్లగా తెరుచుకున్నాయి. పైకి చూసింది. మేనల్లుడి చేతుల్లో ఉన్న తమ్ముణ్ని చాలాసేపు పోల్చుకుంది.

"బుచ్చిగా" అంది. "నిన్ను ఎత్తుకున్నది ఎవర్రా, జైలుకు పోయిన పోరడా?"

"వాడే, అక్కా" అన్నాడు బుచ్చిరెడ్డి. "నన్నే ఎత్తుకున్నడు."

ఆమె ముఖం మీదికి నవ్వు వచ్చింది. నవ్వడానికి కూడా ఆమె దగ్గర పెద్దగా సత్తువ లేదు. కోడలు మంచం పక్కకు కుర్చీ జరిపింది, ఉపేందర్ తండ్రిని అందులో కూర్చోబెట్టబోయి వంగాడు.

"దించకురా" అంది మేనత్త. "కింద కూసుంటే నాకు కనవడడు. జర సేపు గట్లనే ఉండనియ్యి."

ఉపేందర్ మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. ఆమె చూస్తూనే ఉంది. బయట జీపు ఇంజను చల్లారుతూ చిటపటలాడుతోంది. పొద్దున్నుంచి స్టీరింగుతో కొట్లాడిన భుజాలు మంట పెడుతున్నాయి, మోచేతులు సన్నగా వణకడం మొదలుపెట్టాయి. బుచ్చిరెడ్డికి ఆ వణుకు తెలిసింది.

"చేతులు గుంజుతున్నయారా?" అని కొడుకు చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"లేదు బాపూ" అన్నాడు ఉపేందర్.